బ్రేకు తీస్తేనే జీతం

"ఛైర్మన్ గారూ, చొక్కా మీరే ఇస్త్రీ చేసుకుంటున్నారేంటి? మీ కంపెనీలో ఇంకెవరూ లేరా?"

కెప్టెన్ భార్య వారానికి రెండుసార్లైనా ఈ మాట అంటుంది. కెప్టెన్ తల ఎత్తడు. భుజాల మీద నాలుగు బంగారు చారల పట్టీలు తొడుక్కుంటూ, "ఉన్నాడు ఒక్కడు. వాడు వట్టి పనిదొంగ," అంటాడు. ఆ జోకుకి ఇద్దరికీ నవ్వు రాదు. అయినా మానరు.

ఈ జోకు సంగతి తెలియాలంటే రెండున్నరేళ్ళు వెనక్కి వెళ్ళాలి. కెప్టెన్ పాతికేళ్ళు పనిచేసిన విమానసంస్థ ఒక శుక్రవారం మధ్యాహ్నం మూతపడింది. పొద్దున విమానం నడిపి దిగినవాడికి సాయంత్రానికి గేటు దగ్గర పాస్ పనిచెయ్యలేదు. యాభై ఒకటో ఏట మళ్ళీ మొదటినుంచి అంటే మాటలా? ఆరు నెలలు చెప్పులరిగేలా తిరిగాక, సముద్రం అవతల చవక టిక్కెట్ల విమానసంస్థ ఒకటి కెప్టెన్లను తీసుకుంటోందని తెలిసింది. ఆ సంస్థ నేరుగా తీసుకోదు, మధ్యలో ఏజెన్సీ ఉంటుంది. చిత్రమేమిటంటే ఆ ఏజెన్సీ కూడా ఉద్యోగం ఇవ్వదు. ఏజెన్సీ ఆఫీసులో చల్లటి గదిలో కూర్చోబెట్టి, ఒకావిడ తియ్యతియ్యగా మాట్లాడుతూ యాభై కాగితాలు ముందు పెట్టింది.

"ఏం లేదు సర్, మీరొక చిన్న కంపెనీ పెడతారు. దానికి మీరే యజమాని, మీరే ఉద్యోగి. మీ కంపెనీ మాతో ఒప్పందం చేసుకుంటుంది, మేము విమానసంస్థతో చేసుకుంటాం. అంతే!"

ఆ అంతేలో ఎంతుందో కెప్టెన్‌కి చేరాక తెలిసింది. జ్వరం వస్తే సెలవు ఎవరిస్తారు? నీ యజమాని ఇవ్వాలి. నీ యజమాని ఎవరు? నువ్వే. సెలవు చీటీ తనే రాసుకుని, తనే మంజూరు చేసుకుని, ఆ రోజు జీతం తనకి తనే ఎగ్గొట్టుకోవాలి. యూనిఫాం తన కంపెనీ కొనాలి. ఆరు నెలలకోసారి జరిగే పరీక్షకి ఫీజు తన కంపెనీ కట్టాలి. వైద్య పరీక్ష ఖర్చు కూడా దానిదే. విమానసంస్థ వాడు మాత్రం చేతులు దులుపుకుని కూర్చుంటాడు. మింగ మెతుకు లేదుగానీ మీసాలకు సంపెంగనూనె అన్నట్టు, ఒక్క రోజు సెలవుకి దిక్కులేని మనిషికి డైరెక్టర్ అని ముద్ర వేసిన కార్డులు మాత్రం వంద అచ్చయ్యాయి. ఇంత పచ్చి మోసాన్ని అంత అందమైన కాగితాల మీద అచ్చేయించినవాడు దొరికితే, ఆ కాగితాలు వాడి చేతే నమిలించాలి.

ఇక జీతం. విమానం నడిపేవాళ్ళు కాలుమీద కాలు వేసుకుని సంపాదిస్తారని లోకం అనుకుంటుంది. ఆ ఒప్పందంలో నెల జీతమన్న మాటే లేదు, గంటకింత. ఆ గంట ఎప్పుడు మొదలవుతుంది? తెల్లవారుజామున లేచినప్పుడు కాదు. బస్సెక్కినప్పుడు కాదు. వాతావరణం కాగితాలు చదివి, ఇంధనం చూసుకుని, విమానం చుట్టూ తిరిగి చక్రాలు తడిమి, నూట ఎనభై మంది ఎక్కేదాకా కూర్చున్నప్పుడు కూడా కాదు. తలుపులు మూసి, పార్కింగ్ బ్రేకు తీసిన క్షణాన మొదలు. దిగి బ్రేకు వేసిన క్షణాన ఆఖరు. విమానంలో ఉన్న యంత్రమే ఆ రెండు క్షణాలనూ పట్టుకుని ఏజెన్సీకి పంపిస్తుంది. కంట్రోల్ టవర్ బయలుదేరే వంతు ఇవ్వక మూడు గంటలు తలుపులు మూసుకుని కూర్చుంటే ఆ మూడు గంటలూ గాలికే. వీధి చివర ఆటోవాడు కూడా వెయిటింగ్ ఛార్జీ అడుగుతాడు గదా!

అందుకే అక్కడి కాంట్రాక్టు పైలట్ల మధ్య ఒక అలవాటు పుట్టింది. దాన్ని మీటర్ వేయడం అనేవారు. వంతు ఆలస్యమని టవర్ చెప్పగానే కెప్టెన్ బ్రేకు తీసేస్తాడు. చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు అడ్డం పెట్టి ఉంటాయి కాబట్టి విమానం కదలదు, లెక్క మాత్రం నడుస్తుంది. విమానాన్ని వెనక్కి నెట్టే బండి వచ్చేలోపు బ్రేకు మళ్ళీ వేసేస్తారు. రాసి పెట్టుకున్న నియమాల్లో ఇది లేదు, కానీ అందరికీ తెలుసు. తెలిసినా ఏజెన్సీవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. అడిగితే, ఎందుకలా చేస్తున్నారన్న ప్రశ్నకి జవాబు వాళ్ళే చెప్పుకోవాల్సి వస్తుంది.

కెప్టెన్ ఏడాదిన్నర దాకా మీటర్ వెయ్యలేదు. "బ్రేకు చక్రాల కోసం పెట్టారు, నా జీతం కోసం కాదు," అనేవాడు. పక్క సీట్లో కూర్చునే కో-పైలట్లు మొహం తిప్పుకుని నవ్వుకునేవారు. ఒకామె అయితే పైకే అనేసింది: "సర్, ఈ సీట్లో కూర్చోడానికి మా నాన్న పొలం అమ్మి శిక్షణ ఫీజు కట్టాడు. నీతి మీ కంపెనీ భరించగలదేమో, నా కంపెనీ భరించలేదు."

కెప్టెన్ పట్టుదలను మెచ్చుకున్న మనిషి ఆ ఎయిర్‌పోర్టులో ఒక్కడే. విమానాన్ని వెనక్కి నెట్టే బండి డ్రైవర్. నలభై దాటిన మనిషి, బక్కపలచటి ఒళ్ళు, ఎండకి మాడిన మెడ. విమానం ముక్కు కింద నిలబడి, హెడ్‌సెట్ తీగ గుచ్చి, పైనున్న కెప్టెన్‌తో మాట్లాడేవాడు. భాష ఒకటే అని తెలిసిన రోజు నుంచి కెప్టెన్‌ని అన్నా అనే పిలుపు.

"అన్నా, మిగతావాళ్ళతో అయితే నేను బ్రేకు సంగతి రెండుసార్లు అడుగుతా. నీతో ఒక్కసారి చాలు," అనేవాడు.

అతనిదీ కాంట్రాక్టే. ఒకప్పుడు ఒక విమానం దగ్గర ముగ్గురు ఉండేవారు: బండి నడిపేవాడు, దిమ్మెలు తీసేవాడు, హెడ్‌సెట్‌లో మాట్లాడేవాడు. కాంట్రాక్టరు ముగ్గురిని ఇద్దరు చేశాడు, తర్వాత ఇద్దరిని ఒక్కడిని చేశాడు. ఆ ఒక్కడు ఇతను. బండి దిగడం, తీగ గుచ్చడం, దిమ్మెలు లాగడం, మళ్ళీ బండెక్కడం. ముగ్గురి పనీ అతను చేస్తుంటే, మిగిలిన ఇద్దరి జీతం ఎవరి జేబులోకి పోతోందో చెప్పక్కర్లేదు.

కెప్టెన్ మీటర్ వెయ్యడం మొదలుపెట్టింది అవసరం కొద్దీ అంటే అబద్ధం. కోపం కొద్దీ మొదలుపెట్టాడు. నెలకి ఇన్ని గంటలు తప్పకుండా ఇస్తామని ఒప్పందంలో ఒక హామీ ఉండేది. ఒకరోజు రెండు వాక్యాల ఈమెయిల్ వచ్చింది: మార్కెట్ పరిస్థితుల దృష్ట్యా ఆ హామీ తొలగించాం, మీ సంస్థ సహకారానికి ధన్యవాదాలు. ఆ నెల అతన్ని పదకొండు రోజులు ఇంట్లో యూనిఫాం వేసుకుని ఫోన్ పక్కన కూర్చోమన్నారు. ఫోన్ మోగలేదు, రూపాయి రాలేదు. పన్నెండో రోజు పిలిచి, విమానంలో రెండున్నర గంటలు తలుపులు మూసి కూర్చోబెట్టారు. అద్దంలోంచి ఎండ ఒళ్లోకి కారుతోంది. కెప్టెన్ పళ్ళు కొరికాడు.

"నా రెండున్నర గంటలు దోచుకున్నావు. నీ ఇరవై నిమిషాలు నేను దోచుకుంటా," అని పైకే అని, బ్రేకు తీశాడు.

చిన్న టక్కుమన్న శబ్దం. అంతే. పిడుగులేం పడలేదు. ఆ రోజు ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. తర్వాత అది చేతికి అలవాటైపోయింది. గుంటనక్కల కొలువులో నీతిగా ఉన్నందుకు ఎవరూ మెడల్ ఇవ్వలేదు గదా అనుకున్నాడు. భార్యకి మాత్రం చెప్పలేదు. చెప్పకపోవడమే, అది తప్పని తనకి తెలుసుననడానికి సాక్ష్యం.

ఆ రోజు వరసగా అయిదో డ్యూటీ. మూడున్నరకి లేచాడు. పదకొండు గంటలకి మూడో ప్రయాణానికి జనం ఎక్కారు, తలుపులు మూశారు. వెనక చక్రాల దిమ్మెలు ముందే తీసేశారు, ముక్కు చక్రాల దిమ్మెలు మిగిలాయి. ఇక నెట్టుడే అనుకునేసరికి, గంటా నలభై నిమిషాలు ఆలస్యమని టవర్ చెప్పింది. నెట్టే బండి ఇంకో విమానం దగ్గరికి వెళ్ళిపోయింది. కెప్టెన్ చెయ్యి దానంతటదే వెళ్ళి బ్రేకు తీసింది. పొలం అమ్మి వచ్చిన కో-పైలట్ పక్క సీట్లో ఉంది, కళ్ళు మూసుకుని నవ్వింది.

గంటన్నర గడిచింది. వెనక ఎవరో బిడ్డ ఆపకుండా ఏడుస్తోంది. నీళ్ళు అయిపోయాయని సిబ్బంది రెండుసార్లు వచ్చి చెప్పారు. కెప్టెన్‌కి కళ్ళు తెరిచే ఉన్నాయి, మనిషి మాత్రం అందులో లేడు. అప్పుడు టవర్ పిలిచింది: వంతు ముందుకొచ్చింది, నాలుగు నిమిషాల్లో కదలాలి, లేకపోతే మళ్ళీ రెండు గంటలు. బండి పరిగెత్తుకుంటూ వచ్చింది. హెడ్‌సెట్‌లో డ్రైవర్ గొంతు, ఆయాసంతో.

"అన్నా, బ్రేకు వేసే ఉందా?"

పాతికేళ్ళుగా రోజుకి ఆరుసార్లు చెప్పిన జవాబు అది. బుర్రకి పని లేకుండా నోరే చెప్పేస్తుంది.

"వేసే ఉంది."

డ్రైవర్ వంగి ముక్కు చక్రాల ముందు దిమ్మె లాగాడు. వెనక దిమ్మె లాగాడు. అక్కడ నేల వాన నీళ్ళు పోవడానికి కొంచెం వాలుగా ఉంటుంది. అరవై టన్నుల విమానం జానెడు దూరం, చప్పుడు లేకుండా వెనక్కి జరిగింది. ఎదురుగా ఉన్న టెర్మినల్ కిటికీ కదిలినట్టు అనిపించి కెప్టెన్ రెండు కాళ్ళూ బ్రేకుల మీద తొక్కాడు. అప్పటికే హెడ్‌సెట్‌లో కేక వినపడింది. అది మాట కాదు. మనిషి గొంతులోంచి అలాంటిది వస్తుందని కెప్టెన్‌కి అంతవరకు తెలియదు.

ప్రయాణం రద్దయింది. జనం తిట్టుకుంటూ దిగిపోయారు. మధ్యాహ్నం మూడింటికి కెప్టెన్‌ని బేస్ మేనేజర్ తన గదికి పిలిచాడు. గాజు బల్ల, గాజు గోడ, గోడ మీద మన సిబ్బందే మన కుటుంబం అని పెద్ద పోస్టరు. మేనేజర్ మంచినీళ్ళిచ్చి, భుజం తట్టి, ఒక కాగితం జరిపాడు.

"ఏం జరిగిందో మేమే రాశాం కెప్టెన్. మీకు శ్రమ లేకుండా. సంతకం పెట్టండి, చాలు."

కాగితంలో ఉన్నది ఇది. సాంకేతిక పరీక్ష కోసం కెప్టెన్ బ్రేకు తీశాడు. డ్రైవర్ కెప్టెన్‌ని అడగకుండానే దిమ్మెలు తీశాడు. బ్రేకు వేసి ఉంటే ముక్కు చక్రం కాడ మీద వెలిగే చిన్న దీపాన్ని కూడా చూసుకోలేదు. కాబట్టి ప్రమాదం డ్రైవర్ నిర్లక్ష్యం వల్ల జరిగింది.

"అతను అడిగాడు," అన్నాడు కెప్టెన్. "వేసే ఉందని నేనే చెప్పాను."

"మీ కో-పైలట్ ఏమీ వినలేదని రాసిచ్చింది. కాక్‌పిట్‌లో మాటల రికార్డు కూడా లేదు. విమానానికి కరెంటు ఆపలేదు, అది రెండు గంటలకోసారి పాతది చెరిపేస్తుంది గదా. ఇక ఎవరు చెప్తారు?"

"నడిమధ్యాహ్నం ఎండలో ఆ దీపం ఎవరికి కనపడుతుంది?"

"కనపడాలి. నియమంలో ఉంది." మేనేజర్ గొంతు తగ్గించాడు. "చూడండి, పైలట్ తప్పు అంటే, ఎందుకు చేశాడు అని అడుగుతారు. ఆ ఎందుకు మనకొద్దు. డ్రైవర్ తప్పంటే ఎవరూ ఎందుకని అడగరు. రేపు పొద్దున పదింటికల్లా సంతకం కావాలి. పెడితే ఎల్లుండి నుంచి మీ డ్యూటీలు మామూలే. పెట్టకపోతే మీ కంపెనీతో ఒప్పందం ఉండదు."

కంచే చేను మేస్తుందంటారు. ఇక్కడ మేయడమే కాదు, మేసింది పక్కింటి మేకే అని సాక్ష్యం కూడా రాయిస్తోంది. కెప్టెన్‌కి ఆ గాజు బల్ల మీద ఉన్న గ్లాసు తీసి పోస్టరు మీదికి విసరాలనిపించింది. విసరలేదు. విసిరే హక్కు తనకుందో లేదో తేల్చుకోలేకపోయాడు. బ్రేకు తీసిన చెయ్యి ఆ గ్లాసు పట్టుకున్న చెయ్యే.

ఆస్పత్రి ఎయిర్‌పోర్టు వెనక వీధిలో ఉంది. ఆరు మంచాల గదిలో కిటికీ పక్క మంచం. చక్రం కింద నలిగిన డ్రైవర్ కుడికాలు మోకాలిదాకా తెల్లకట్టులో ఉంది. రెండు వేళ్ళు తీసేశారని, మూడోది చూడాలన్నారని అతని భార్య చెప్పింది. ఆమె ఎయిర్‌పోర్టులోనే మరుగుదొడ్లు కడుగుతుంది. ఆకుపచ్చ పని బట్టలతోనే పరిగెత్తుకొచ్చింది.

"రా అన్నా," అన్నాడు డ్రైవర్, మత్తు మాటల్లో. "నీకేం భయం లేదులే. కాంట్రాక్టరు మనిషి వచ్చి వెళ్ళాడు. సంతకం పెట్టేశా."

"ఏమని?"

"దీపం చూసుకోలేదని. అడగడం మర్చిపోయానని. అట్లా పెడితే ఆస్పత్రి ఖర్చు వాళ్ళు చూసుకుంటారంట. పెట్టకపోతే ఈ రాత్రికే డిశ్చార్జి. అయినా నేను అడిగాననే గుర్తు అన్నా... అడిగానా?"

ఆ ప్రశ్న విన్నాక కెప్టెన్‌కి కుర్చీలో కూర్చోవాలనిపించలేదు. నిలబడే చెప్పాడు.

"అడిగావు. వేసే ఉందని చెప్పాను. వెయ్యలేదు. మీటర్ కోసం తీసి, మర్చిపోయాను."

మత్తు దిగిపోయినట్టు డ్రైవర్ కళ్ళు తేటపడ్డాయి. మోచేతుల మీద లేవబోయాడు, లేవలేకపోయాడు.

"నువ్వు కూడానా?" అన్నాడు. "నీ మాట మీద తీశా గదా! మిగతా దొంగనాయాళ్ళ దగ్గర రెండుసార్లు అడిగేవాణ్ణి, వంగి దీపం చూసేవాణ్ణి. చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ చూసేవాణ్ణి! నీ దగ్గరే చూడలేదు. నీ దగ్గరే! పో ఇక్కణ్ణుంచి. పో!"

గదిలో మిగతా అయిదు మంచాలూ ఇటు తిరిగాయి. డ్రైవర్ భార్య కెప్టెన్ వైపు చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. మెట్లు దిగుతుంటే భుజాల మీది చారలు వీపులో గుచ్చుకుంటున్నట్టు అనిపించి, పీకి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య వంటగదిలో ఉంది. ఇరవై రెండేళ్ళు కోర్టులో టైపిస్టుగా చేసి, మొగుడి కోసం ఉద్యోగం మానుకుని వచ్చిన మనిషి. హంతకుల వాంగ్మూలాలు టైపు కొట్టిన చేతులు. ఆమె ముందు అబద్ధమాడి నెగ్గినవాడు లేడు. కెప్టెన్ నెగ్గాలని ప్రయత్నించలేదు. మొదటినుంచి చివరిదాకా అన్నీ చెప్పాడు. ఆమె స్టవ్ కట్టేసింది.

"ఎన్నాళ్ళ నుంచి ఈ మీటర్?"

"ఆరు నెలలు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఒప్పుకోవని."

"ఒప్పుకోనని తెలిసి చేశారా?" గరిటె సింకులో పడేసిన చప్పుడుకి పక్కింటివాళ్ళు వినే ఉంటారు. "వాళ్ళు మనల్ని నిలువునా దోచుకుంటున్నారు, నిజమే. దొంగల్ని కొట్టాల్సిన కర్రతో పక్కనున్నవాడి కాలు విరగ్గొట్టి వచ్చారు. ఆ వేళ్ళు తిరిగొస్తాయా? ఇప్పుడేం చేస్తారు, సంతకమా?"

"పెట్టను."

"పెట్టకపోతే? ఉద్యోగం పోతుంది, వాళ్ళు ఆ కాగితమే మీ సంతకం లేకుండా పంపించుకుంటారు. అతని సంతకం ఉండనే ఉంది. మీ త్యాగం ఎవడిక్కావాలి?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె చేతులు తుడుచుకుని, పడకగది బీరువా మీదినుంచి ఆ యాభై కాగితాల కట్ట దించింది. రెండేళ్ళ కింద కెప్టెన్ చదవకుండా సంతకం పెట్టిన కట్ట. మంచం మీద పరిచి, కళ్ళజోడు పెట్టుకుని, కోర్టులో లాగే వేలితో వరస వరస చదవసాగింది. కెప్టెన్ గుమ్మంలో నిలబడ్డాడు. వీధిలో బస్సు వచ్చి, సిబ్బందిని దింపి వెళ్ళిపోయింది. ముప్పై ఏడో కాగితం దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఇది చదవండి. గట్టిగా చదవండి."

కెప్టెన్ చదివాడు. "ఒప్పందదారు సంస్థకు చెందిన ఉద్యోగి వల్ల ప్రమాదం సంభవించిన పక్షంలో, దాని కారణాలను విచారించి మూడు రోజుల్లోగా విమానయాన శాఖకు నేరుగా నివేదిక పంపే బాధ్యత పూర్తిగా ఆ సంస్థ యజమానిదే. విమానసంస్థకు గానీ ఏజెన్సీకి గానీ ఇందులో ఎలాంటి ప్రమేయమూ ఉండదు."

"తప్పు తమ మీద పడకుండా రాయించుకున్నారు చూశారా!" అంది ఆమె. ఆ కోపంలోనే ఆమెకి నవ్వు కూడా వచ్చింది. "ప్రమేయం లేదని వాళ్ళే రాశారు. లేనప్పుడు మేనేజర్ రాసిన కాగితానికి విలువేంటి? విచారించాల్సింది యజమాని. యజమాని ఎవరు?"

కెప్టెన్ మంచం అంచు మీద కూర్చున్నాడు. రెండేళ్ళుగా గుండెలో ముల్లులా ఉన్న ఆ మాట మొదటిసారి పనికొచ్చే వస్తువులా కనిపించింది.

"రాసుకోండి ఛైర్మన్ గారూ, నేను టైపు కొడతా," అంది భార్య. "ఒక్కటే షరతు. మీ తప్పు తగ్గించి చెప్తే కొట్టను."

తగ్గించలేదు. డ్రైవర్ నియమం ప్రకారం అడిగాడు, మా ఉద్యోగి బ్రేకు వేసి ఉందని అబద్ధం చెప్పాడు అని మొదటి వాక్యం. మత్తులో ఉన్న డ్రైవర్ చేత ఏం చెప్పి సంతకం పెట్టించారో రెండో వాక్యం. ఆ తర్వాత, మా ఉద్యోగి బ్రేకు ఎందుకు తీశాడంటే, బ్రేకు తీస్తేనే అతనికి జీతం మొదలవుతుంది కాబట్టి అని. మీటర్ అంటే ఏమిటో, ఎంతమంది వేస్తారో, గత ఆరు నెలల్లో తను ఏయే తేదీల్లో ఎన్నెన్ని నిమిషాలు వేశాడో. ఆ నిమిషాలన్నీ విమానంలోని యంత్రంలో ఉన్నాయి, చూసుకోండి అని. ముగ్గురి పని ఒక్కడి చేత ఎందుకు చేయిస్తున్నారో కూడా అడగండి అని. కింద సంతకం, డైరెక్టర్ ముద్ర. ఆ ముద్ర వాడింది అదే మొదటిసారి. సిరా ఎండిపోయి ఉంటే ఆమె రెండు చుక్కల నీళ్ళు వేసింది.

మర్నాడు తొమ్మిదింటికి విమానయాన శాఖ కౌంటర్లో నివేదిక ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని, పదింటికి మేనేజర్ గాజు బల్ల మీద నకలు పెట్టాడు. మేనేజర్ మొదటి పేజీ చదివాడు. రెండో పేజీకి వచ్చేసరికి మొహంలో రంగు మారింది.

"ఇది పంపడానికి నువ్వెవడివి?" మీరు కాస్తా నువ్వయింది.

"యజమానిని. ముప్పై ఏడో కాగితం చూసుకోండి."

"నిన్ను ఇప్పుడే, ఈ క్షణమే తీసేస్తున్నా!"

"మీరెలా తీసేస్తారు? నేను మీ ఉద్యోగినని మీరెప్పుడన్నారు? రెండేళ్ళు జ్వరమొచ్చినా, ఒళ్ళు నొప్పొచ్చినా, నీ యజమానిని అడుక్కోమన్నారు గదా. ఇదీ ఆయన్నే అడగండి!" ఆ గొంతు గాజు గోడ దాటి బయట డ్యూటీ కోసం కూర్చున్న పైలట్లకి వినపడింది. వినపడాలనే అరిచాడు.

మేనేజర్ ఏజెన్సీకి ఫోన్ చేశాడు. వాళ్ళు ఇంకెవరికో చేశారు. కాగితాల ప్రకారం కెప్టెన్ని తొలగించే అధికారం నిజంగానే అతని కంపెనీకి తప్ప ఎవరికీ లేదట. చివరికి ఏజెన్సీ ఆవిడే తియ్యగా ఫోన్ చేసింది. "సర్, మీ సంస్థతో ఒప్పందం రద్దు చేస్తున్నాం. దయచేసి మీ ఉద్యోగిని మీరే తొలగించి, ఒక కాపీ మాకు పంపండి."

కెప్టెన్ తొలగించాడు. ఆ ఉత్తరం కూడా భార్యే టైపు కొట్టింది. కారణం అన్న చోట వాళ్ళు ఖాళీగా వదిలెయ్యమన్నారు. అతను వదల్లేదు. బ్రేకు వెయ్యకుండా, వేసే ఉందని చెప్పినందుకు అని రాయించాడు. లైసెన్సు ఏడాదిపాటు నిలిపేశారు. దానికి అతను పల్లెత్తు మాట అనలేదు. అక్కడ న్యాయంగా తగిలిన దెబ్బ అదొక్కటే.

శాఖ వాళ్ళు వచ్చి యంత్రాల్లో లెక్కలు తీస్తే, ఆ ఒక్క ఎయిర్‌పోర్టులోనే అలాంటి నిమిషాలు వేలల్లో తేలాయి. పొలం అమ్మి వచ్చిన కో-పైలట్ తన పాత వాంగ్మూలం వెనక్కి తీసుకుని, తను విన్నది విన్నట్టు మళ్ళీ రాసిచ్చింది. డ్రైవర్ సంతకం చెల్లదన్నారు, ఆస్పత్రి ఖర్చు కాంట్రాక్టరు మీద పడింది. ఒక విమానం దగ్గర ఇద్దరు మనుషులుండాలని ఉత్తర్వు వచ్చింది. జీతం ఎప్పట్నుంచి లెక్కపెట్టాలన్న సంగతి మాత్రం పరిశీలనలో ఉందట. దున్నపోతు మీద వాన కురిసినా కాస్త ఒళ్ళు విదిలిస్తుంది, వీళ్ళకి అదీ లేదు.

ఊరు వదిలే ముందురోజు కెప్టెన్ డ్రైవర్ ఇంటికి వెళ్ళాడు. సందులో ఒక గది. గోడకి చంకకర్ర ఆనించి ఉంది. డ్రైవర్ గుమ్మంలో కుర్చీ వేసుకుని, కుడికాలు స్టూలు మీద పెట్టుకుని ఉన్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. అన్నా అనలేదు. అతని భార్య లోపల్నుంచి ఇంకో కుర్చీ తెచ్చి వేసింది.

"వెళ్ళిపోతున్నారంటగా," అన్నాడు డ్రైవర్. నువ్వు పోయి మీరు వచ్చిందని కెప్టెన్‌కి తెలిసింది.

"రేపు."

పైన ఒక విమానం చక్రాలు దించుకుంటూ వెళ్ళింది. అలవాటు కొద్దీ ఇద్దరూ తలెత్తి చూశారు.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పండి," అన్నాడు డ్రైవర్. "ఆ రోజు మీటర్ గంటన్నర నడిచింది గదా. ఎంతొచ్చింది మీకు?"

కెప్టెన్ తలవంచుకున్నాడు. ఆఖరి నెల చీటీ వచ్చిన రోజు అతను మొదట వెతికింది ఆ తేదీనే.

"ఏమీ రాలేదు. ప్రయాణం రద్దయితే ఆ లెక్క కొట్టేస్తారు. విమానం కదల్లేదు కాబట్టి ఏమీ ఇవ్వరు."

డ్రైవర్ స్టూలు మీదున్న తన కాలి వైపు చూసుకున్నాడు. మూడు వేళ్ళ జాగా ఖాళీగా ఉంది.

"కదిలింది గదా," అన్నాడు.